తీసేశానని రాసివ్వండి

నవంబరు వచ్చిందంటే సగం దేశం చలికాలానికి కిమ్చీ పచ్చడి పెట్టుకోవడంలో మునిగిపోతుంది. తక్కిన సగం, మమ్మల్ని పనిలోంచి తీసేసినట్టు రాసివ్వండి బాబూ అంటూ పాత యజమానుల చుట్టూ తిరుగుతుంది. ప్యో హేరిమ్‌కి ఆ ఏడాది రెండు పనులూ ఒక్కసారే నెత్తిన పడ్డాయి.

మోచేతులదాకా కారం పూసుకుని క్యాబేజీ ఆకుల మధ్య ముద్ద కూరుతూ ఉండగా మొగుడు మన్‌హో ఒక కవరు పట్టుకొచ్చి ఆమె ముఖం ముందు ఆడించాడు.

"నీకు ప్రేమలేఖ. ఆరోగ్య బీమావాళ్ళు రాశారు."

"జీతంలో నెలనెలా కోసుకుంటూనే ఉన్నారుగా! మళ్ళీ నాతో ఏం పని?"

"కోసింది చాల్లేదట."

"చదివి చావు, నా చేతులు ఖాళీగా ఉన్నాయా?"

చదివాడు. చదువుతూ చదువుతూ అతని నవ్వు పోయింది. జీతంలో కోసేది కాక, నెలనెలా ఇంకో చందా కట్టాలట. అది కూతురి లెక్కల ట్యూషను ఫీజుకు కాస్త అటూ ఇటూగా ఉంది. వచ్చే ఏడు పిల్లకి కాలేజీ పరీక్ష. అది కడితే ఇది లేదు, ఇది కడితే అది లేదు.

హేరిమ్‌వి రెండు బతుకులు. పగలు బాత్రూం టైల్స్ అమ్మే హోల్‌సేల్ దుకాణంలో జమాఖర్చులు రాస్తుంది. సాయంత్రాలూ ఆదివారాలూ దేజన్ స్టేషను వెనక ప్రెస్సుల సందులో, ఒమ్ గిల్‌తే అనే పెద్దాయన దగ్గర వంశావళి పుస్తకాలకు తప్పులు దిద్దుతుంది. ఒక్కో వంశంవాళ్ళు ముప్పై ఏళ్ళకోసారి తమ పుస్తకాన్ని తిరిగి వేయించుకుంటారు. పోయినేడాది అలాంటి పెద్ద వంశం ఒకటి తగిలింది. కళ్ళు కాయలు కాచేలా దిద్దింది. చేతికి కాస్త డబ్బు వచ్చిన మాటా నిజమే. ఆ తర్వాత ఆ ప్రెస్సుకి ఒక్క పని వస్తే ఒట్టు. జనవరి నుంచి ఆమె అక్కడ ఒక్క వోను సంపాదించలేదు.

కానీ చట్టానికి ఈ ఏడాదితో పని లేదు. జీతం కాకుండా బయటి సంపాదన ఏడాదికి రెండు కోట్ల వోన్లు (వినడానికే కోట్లు, చిన్న గుమాస్తా ఏడాది జీతమంత) దాటిందా, దాటినదాని మీద విడిగా చందా కట్టాల్సిందే. ఆ లెక్క పోయినేడాదిది, బిల్లు ఈ ఏడాది నవంబరుది. నిరుడు కురిసిన వానకి ఇప్పుడు గొడుగు కొనమన్నట్టు. ఒక్క ఉద్యోగమే ఉన్నవాడు హాయిగా ఉన్నాడు, ఒక్క సొంతపనే ఉన్నవాడు ఏదో పడుతున్నాడు. రెండు చేతులా కష్టపడిన హేరిమ్ రెంటికీ చెడ్డ రేవడి అయింది.

సోమవారం దుకాణంలో టైల్స్ పెట్టెల వెనక నక్కి బీమా ఆఫీసుకి ఫోన్ చేసింది. పాట విని విని చెవి మొద్దుబారాక ఒక అమ్మాయి గొంతు పలికింది.

"ఆ సంపాదన ఆగిపోయిందండీ," అంది హేరిమ్.

"ఆగిపోయినట్టు రుజువు తెండి మేడమ్."

"లేని డబ్బుకి రుజువేమిటమ్మా? ఖాళీ జేబు ఫోటో తీసి పంపనా?"

"తొలగింపు పత్రం మేడమ్. మీకు పని ఇచ్చినవారు, ఫలానా తేదీ నుంచి ఈవిడకీ మాకూ ఏ సంబంధమూ లేదని రాసి ముద్ర వేసిస్తారు."

"సంబంధం ఉంది. పనే లేదు."

"అలాంటి పత్రం మా దగ్గర లేదండి. మళ్ళీ మీరు వారి దగ్గరే సంపాదించారని తేలితే, తగ్గించినదంతా తర్వాత వసూలు చేస్తాం. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం. హేరిమ్ పళ్ళు కొరుక్కుని ఫోన్ పెట్టేసింది. పోనీలే, ఒక్క వాక్యం, ఒక్క ముద్ర. పెద్దాయన టీ తాగే లోపల అయిపోతుందనుకుంది. అంత తెలివిగలది అలా ఎందుకనుకుందో ఆ దేవుడికే తెలియాలి.

గిల్‌తే పెద్దాయనకి డెబ్బై ఎనిమిదేళ్ళు. హేరిమ్‌కి వంశావళులు రాసే చైనా అక్షరాలు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది ఆయనే కాబట్టి ఆమె గురువుగారూ అంటుంది. ప్రెస్సులో రెండు బల్లలు, ఒక నూనె హీటరు, దాని మీద ఎప్పుడూ కాగుతూ ఉండే బార్లీ టీ. ఆమె కుర్చీలో ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు. దిద్దడానికి కాగితం ముక్క లేకపోయినా ఆయన రోజూ ఆ రెండు బల్లలూ తుడుస్తాడు.

విషయమంతా విని ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్ను నేను తీసేశానా?"

"లేదండీ."

"మరి తీసేశానని ఎలా రాయమంటావు?"

"అందరూ రాస్తారు గురువుగారూ! అది ఉత్త కాగితం. ఈ నెలంతా ఊళ్ళో ఇదే భాగోతం. రాసినవాళ్ళూ తిట్టుకోరు, రాయించుకున్నవాళ్ళూ ఏడవరు."

"ఉత్త కాగితమట! నలభై ఏళ్ళుగా కాగితం మీద బతికినవాడి దగ్గరకొచ్చి చెప్తోంది. ఈ చేత్తో పేర్లు ఎక్కించడమే తప్ప తీసింది లేదమ్మాయ్."

అది ఊరికే అన్న మాట కాదని హేరిమ్‌కి తెలుసు. వెనకటికి వంశంలో ఎవడైనా ఘోరం చేస్తే పుస్తకంలోంచి వాడి పేరు కొట్టేసేవారు. ఉరి తీసినా వాడు వంశంలోవాడే, పేరు కొట్టేస్తే వాడి మనవలక్కూడా దిక్కు లేదు. ఒకసారి ఒక వంశం పెద్దలు నలుగురు సూట్లు వేసుకుని వచ్చి, పొలం తగాదాలో ఉన్న ఒక తమ్ముడి కొడుకు పేరు అచ్చులో 'పొరపాటున' జారిపోయేట్టు చూడమని బతిమాలారు. పెద్దాయన వాళ్ళని చీపురు పుచ్చుకుని తరమలేదన్న మాటే గానీ తక్కినదంతా చేశాడు. ఆ పని పోయింది. ఆ నెల హీటరులో నూనె కూడా లేదు. హేరిమ్ కోటు వేసుకునే దిద్దింది, ఆయన్ని చూసి గర్వపడింది కూడా. కానీ గర్వంతో ట్యూషను ఫీజు కట్టలేరు కదా.

"నేను వంశావళిలోంచి తీసెయ్యమనడం లేదు. బీమా ఆఫీసు కోసం..."

"పైగా పని వస్తుంది. చంగ్జు నుంచి షిన్ వంశంవాళ్ళు ఫోన్ చేస్తామన్నారు. వాళ్ళది ఇరవై సంపుటాలు. అప్పుడు నువ్వు లేకపోతే ఎవరు దిద్దుతారు? టీ తాగు, చల్లారిపోతోంది."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. హేరిమ్ టీ తాగి, నోరు కాల్చుకుని ఇంటికొచ్చింది.

"ముద్రలు చెక్కే దుకాణం ఆ సందు మొదట్లోనే ఉందిగా," అన్నాడు మన్‌హో. "పెద్దాయన పేరుతో ఒకటి చెక్కించు. పీడా పోతుంది."

"ఛీ! నీకు సిగ్గుందా?"

"నాకు లేదులే. నీకుంది కదా, దాన్ని తీసుకెళ్ళి ట్యూషనువాళ్ళకి కట్టు."

ఆ రాత్రి మొగుడి మీద కోపంతో సగం, గురువు మీద కోపంతో సగం అన్నం తినకుండా పడుకుంది.

గురువారం ఆ పత్రాన్ని తనే చక్కగా టైపు చేసి తీసుకెళ్ళింది. పెద్దాయన ముద్ర వేస్తే చాలు. ఆయన దాన్ని దీపం కింద పెట్టి, ఎర్ర పెన్ను తీసి, మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివాడు. హేరిమ్ ప్రాణం లేచి వచ్చింది. చదవడం ముగించి కాగితం ఆమె చేతికిచ్చాడు. మూడు చోట్ల ఎర్ర సిరా. ముద్ర లేదు.

"ఇక్కడ ఖాళీ వదలాలి. ఈ అక్షరం తప్పు. తేదీ తప్పు. అసలు ఆ రోజు మనం తీసెయ్యడం గురించి మాట్లాడుకోలేదు, ఆ రోజు నువ్వు చిలగడదుంపలు తెచ్చావు."

హేరిమ్‌కి ఒళ్ళు మండిపోయింది. అంతవరకూ పన్నెండేళ్ళలో ఆయన ముందు గొంతు పెంచని మనిషి ఒక్కసారిగా విరుచుకుపడింది.

"చంగ్జూ లేదు, షిన్ వంశమూ లేదు! ఎవరూ ఫోన్ చేయరు! మీకూ తెలుసు. నేనుంటే ప్రెస్సు ఉన్నట్టని నన్ను పట్టుకుని వేలాడుతున్నారు మీరు! పని లేని ప్రెస్సుకి మనిషెందుకు, బోర్డెందుకు? మీ పంతానికి నా పిల్ల చదువు బలా?"

పెద్దాయన లేచి వెళ్ళి హీటరు మంట తగ్గించాడు. ఆమె తలుపు గట్టిగా వేసుకుని బయటికొచ్చింది. సందు చివరికి వచ్చేసరికే ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

అనకూడని మాటే అంది, ఆ సంగతి ఆమెకి తెలుసు. ఎందుకంటే ఆమె పుట్టింటి వంశావళిలో ఆమె పేరే లేదు. అన్నల పేర్లున్నాయి, ఆమె ఉండాల్సిన చోట మొగుడి పేరు వేశారు. ఆమె పేరు అచ్చులో ఉన్నది ఊరివాళ్ళ వంశావళుల్లో, చిట్టచివరి పేజీలో: ముద్రణ ఒమ్ గిల్‌తే, దిద్దుబాటు ప్యో హేరిమ్. దిద్దేవాళ్ళ పేరు ఏ ప్రెస్సువాడూ వేయడు. ఈయన మొదటి పుస్తకం నుంచీ వేశాడు. వద్దండీ బాగోదు అంటే, తప్పులుంటే తిట్లు పంచుకోవడానికిలే అన్నాడు.

వారం దాటాక పెద్దాయన టైల్స్ దుకాణానికే ఫోన్ చేశాడు. భోజనాల వేళ ఓసారి వచ్చి పొమ్మన్నాడు. ఎలాగైతేనేం దిగొచ్చాడనుకుంది హేరిమ్. క్షమించమనాలా, ముందు కాగితం పుచ్చుకోవాలా అని దారి పొడుగునా ఆలోచిస్తూ వెళ్ళింది.

ప్రెస్సు తలుపు పైన గోడకి బోర్డు లేదు. ఉన్న చోట గోడ తెల్లగా ఉంది. లోపల హీటరు ఆర్పేసి ఉంది. ఆమె దిండు ఒక సంచిలో పెట్టి కుర్చీ మీద ఉంచాడు.

"చంగ్జు వాళ్ళకి నేనే ఫోన్ చేశాను," అన్నాడు పెద్దాయన. "వాళ్ళ పుస్తకం ఇక ఫోన్లోనే చూసుకుంటారట. అచ్చు వేయించరట. మర్యాదగానే చెప్పారు పాపం."

ఒక కాగితం ఆమె చేతికిచ్చాడు. పన్ను కార్యాలయం ముద్రతో ఉంది. ఫలానా ముద్రణాలయం మూసివేయబడినది, యజమాని ఒమ్ గిల్‌తే.

హేరిమ్ దాన్ని చదివింది. తప్పులు దిద్దేదానిలా మళ్ళీ చదివింది.

"నేనడిగిందేమిటి, మీరు చేసిందేమిటి! ఒక్క మాట రాయమన్నాను గురువుగారూ! ఒక్క మాట! దానికి ప్రెస్సే మూసేస్తారా? మీకు మతి గానీ పోయిందా?"

"కేకలెయ్యకు. పన్ను ఆఫీసు కుర్రాడిని అడిగాను. పని ఇచ్చిన చోటే మూతబడితే ఇంకే పత్రమూ అక్కర్లేదన్నాడు. ఇదే చాలట."

"ఒక్క మాట రాస్తే అయిపోయేది కదండీ..."

"పుస్తకంలోంచి పేరు కొట్టెయ్యడం వేరు, పుస్తకం ముగియడం వేరు. ముగిసిన పుస్తకంలో ఎవరి పేరు వాళ్ళ చోటే ఉంటుంది." కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు. "బయల్దేరు ఇక. ఆలస్యమైతే అక్కడ జనం పెరుగుతారు. దిండు మర్చిపోకు."

దిండు సంచి చంకలో పెట్టుకుని హేరిమ్ బీమా ఆఫీసులో కూర్చుంది. చుట్టూ ఆమెలాంటివాళ్ళే. డ్రాయింగు మాస్టర్లు, డెలివరీ కుర్రాళ్ళు, పెళ్ళిళ్ళలో పాడేవాళ్ళు, అందరి చేతుల్లోనూ తొలగింపు పత్రాలు. ఆమె వంతు వచ్చింది. కిటికీ వెనక అమ్మాయి కాగితం చూసి ముఖం విప్పార్చుకుంది.

"ఇదుంటే ఇంకేం కావాలి మేడమ్! ఈ నెల నుంచే తగ్గిపోతుంది. సంతకం పెట్టండి చాలు." కీబోర్డు మీద టకటకా కొడుతూ, తల ఎత్తకుండానే అంది, "కారణం... తొలగింపు... అని వేస్తున్నాను."

"వేయకు."

అమ్మాయి తలెత్తింది. వెనక వరసలో ఉన్నవాళ్ళూ ఇటు తిరిగారు.

"మేడమ్, అది ఉత్త లాంఛనమండీ. ఏది వేసినా మీకు తగ్గేది అంతే."

"అయినా సరే, అది తీసెయ్," అంది హేరిమ్. దిండు సంచిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "నన్నెవరూ తీసెయ్యలేదు. ప్రెస్సు మూతబడింది. అలా రాయి."