వంగపండు రంగు అంచు

ఎలీనా నాకు ఒక్కటే షరతు పెట్టింది. "ఈస్టర్ ఫొటోలో మమ్మీ బాగా పడాలి వినయ్. ఆ మూడ్‌లో ఉండగానే మన మ్యాటర్ చెప్పేస్తా."

అక్కడికి నేనేదో ఫొటోగ్రాఫర్‌నైనట్టు! 2010లో ఎడిసన్ తెలుగు చర్చిలో మెడలో పెద్ద కెమెరా వేలాడేసుకు తిరిగేది నేనొక్కణ్ణే కాబట్టి ఆ పని నాకు తగులుకుంది. ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో ఎలీనా అమ్మానాన్నల్ని ముందు నిలబెట్టి, అందరినీ ఎదురెండలో తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. అందరి తలల చుట్టూ వంగపండు రంగు గీత! చవక లెన్స్‌కి ఎదురెండ తగిలితే ఇంతే.

సాఫ్ట్‌వేర్‌లో దానికో మందుంది. ఆ రంగేదో చూపిస్తే, ఎక్కడున్నా తుడిచేస్తుంది. ఒక్కొక్క తలా దిద్దే ఓపిక నాకెక్కడిది? మొత్తం ఫొటోకి కొట్టేశాను. గీతలన్నీ మాయం. నా తెలివికి నేనే మురిసిపోయి, ఫ్రేము కట్టించి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను.

ఎలీనా నాన్న ఏసుపాదం అంకుల్ లడ్డూ తింటూ ఫొటో చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏం బాబూ, నేను బతికే ఉన్నాను గదా?"

అప్పుడు చూశాను. ఆ రోజు ఎలీనా అమ్మ నవోమి ఆంటీ కట్టుకున్నది వంగపండు రంగు అంచున్న తెల్లచీర. గీతలతో పాటు అంచూ పోయింది! మొగుడి పక్కనే ఆంటీ ఉట్టి తెల్లచీరలో, భర్త పోయిన మనిషిలా నిలబడి ఉన్నారు.

"చీరాల నించి తెప్పించుకున్న చీరయ్యా అది!" అన్నారు ఆంటీ. ఎలీనా నావైపు చూడటమే మానేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ల్యాప్‌టాప్ తెరిచి అసలు ఫొటో చూపించి, తప్పు ఒప్పుకున్నాను.

ఆంటీ స్క్రీన్ మీదకి వంగారు. "ఇదెంత బాగుందయ్యా! అందరి తలల చుట్టూ వెలుగే. మీ అంకుల్ బట్టతలకి మరీ ఎక్కువుంది."

"అయితే ఇది పారేస్తానాంటీ," అంటూ ఫ్రేము అందుకోబోయాను.

"ఉండనీ. ఈయన షుగర్ మాత్ర మానేసినప్పుడల్లా చూపిస్తా."

అంకుల్ సగం కొరికిన లడ్డూ ప్లేటులో పెట్టేశారు.

మేమింకా అసలు మాట ఎత్తనే లేదు. ఆంటీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి అన్నారు. "మీ పెళ్ళికి మాత్రం వేరే ఫొటోగ్రాఫర్‌ని పెడదాం. ఇప్పుడే చెబుతున్నా."