గోనెపీచు

ఆ ఆదివారం పొద్దున పూర్ణచంద్రరావు చేతిలో ఉన్నవి ఇవి: నాలుగేళ్ళ నాటి డీజిలు కారు, దానికి పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త టర్బో, తన మినుముల కొట్లోంచి తెచ్చుకున్న స్పానర్లు, మెకానిక్కు మత్తయి మీద కోపం. ఇంజనులోకి గాలి తోసే ఆ నత్తగుల్ల లాంటి సామాను బిగించడానికి వాడు పద్నాలుగు వందలు అడిగాడు. “నాలుగు బోల్టులకి అంతా? నేనే బిగించుకుంటా పో” అని, బాపట్లలో వాడి షెడ్డులోనే టర్బో కొనుక్కుని తెనాలి వచ్చేశాడు.

నాలుగు బోల్టులూ సాయంత్రం దాకా పట్టాయి. వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. మాణిక్యాంబ వాకిట్లోకి వచ్చి, “పోనీ ఆ మత్తయినే పిలవకూడదూ?” అంది.

“వాడి పేరెత్తకు. ఒళ్ళు మండుతోంది.”

మర్నాడు రేపల్లె బయలుదేరాడు. భట్టిప్రోలు దాటగానే ఇంజనులో ఈల మొదలైంది. ఈల కాస్తా కీచుకూత అయింది. వెనక నీలిపొగ కమ్మేసింది. కారు ఆగిపోయింది.

ట్రాక్టరుతో ఇంటికి లాగించి, టర్బో ఊడబీకి, గోనెసంచిలో వేసుకుని బాపట్ల బస్సెక్కాడు. షెడ్డు నిండా మనుషులున్నారు. సంచి బల్లమీద బోర్లించాడు.

“పాతదానికి రంగేసి అంటగడతావుట్రా, దొంగవెధవా?”

మత్తయి ఇరుసు వేలితో కదిపి చూశాడు. “దీనికి చుక్క ఆయిలు అందలేదు బాబాయ్. ఆయిలు పైపేది?”

“పైపుతో నీకేంటి పని? నా డబ్బు కక్కు!”

“పైపు ఊది చూడండి. గాలి ఆడితే కక్కుతా.”

వాడి మొహాన కొట్టడానికే ఇంటికొచ్చి పైపు విప్పి ఊదాడు. బుగ్గలు నొప్పెట్టాయి గానీ గాలి ఆడలేదు. తీగ పెట్టి లాగితే, నూనెలో నానిన గోనెపీచు బొటనవేలంత బయటికొచ్చింది.

ముప్ఫై ఏళ్ళుగా మినుముల బస్తాలో ఇనుపగొట్టం గుచ్చి శాంపిలు తీస్తున్నాడు. తీసిన కన్నంలో ఓ పీచు దోపడం ఆ చేతికి అలవాటు. ఆదివారం బిగించేటప్పుడు దుమ్ము పడకూడదని పైపు మూతిలోనూ దోపింది. తీయడం మరిచింది. ఆ చేతిని నరుక్కుందామన్నంత కోపం వచ్చింది.

పొయ్యిలో పడేస్తే ఎవరికీ తెలియదు. కానీ పదేళ్ళ క్రితం చుండూరులో ఒకడు తనది దొంగతూకం అన్నాడు. అబద్ధమని తేలింది, అయినా ఆ మాట నేటికీ గుచ్చుతూనే ఉంది.

మర్నాడు పీచు తీసుకెళ్ళి మత్తయి బల్లమీద పెట్టాడు. “తప్పు నాదేరా.”

మత్తయి చేతిలో స్పానరు కింద పెట్టలేదు. “దొంగ అన్నప్పుడు ఎనిమిది మంది విన్నారు. వాళ్ళలో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. తక్కిన అయిదుగురికీ ఎవరు చెబుతారండి?”

“ఎంత పొగర్రా నీకు!”

“అవునండి, పొగరే. దొంగకి ఉండకూడదు గానీ నాకుండచ్చు.”

రావు పళ్ళు కొరుక్కుంటూ ఆ అయిదుగురి ఊళ్ళ పేర్లు రాసుకున్నాడు. రెండు రోజులు బస్సుల్లో తిరిగాడు. తిట్టుకుంటూ వెళ్ళాడు, తిట్టుకుంటూ చెప్పాడు. వాడరేవులో వల బాగుచేసుకుంటున్న యలమంద అంతా విని, “అయితే దొంగ మీ చెయ్యేనన్నమాట! కట్టేసి ఉంచండి” అని పడీపడీ నవ్వాడు. రావు ఆ నవ్వు అయ్యేదాకా నిలబడి బస్సెక్కాడు.

అయిదో మనిషికి చెప్పిన మర్నాడే మత్తయి తెనాలి వచ్చాడు. ఇంకో కొత్త టర్బో గంటన్నరలో బిగించాడు. బిగించినందుకు పద్నాలుగు వందలే అడిగాడు. రావు బేరమాడలేదు.

“నడిపి చూసుకోండి సార్” అన్నాడు మత్తయి చేతులు తుడుచుకుంటూ.

పదిహేనేళ్ళలో వాడు ఎన్నడూ సార్ అనలేదు. ‘బాబాయ్ అనరా’ అందామనుకున్నాడు రావు. గొంతు దాకా వచ్చింది. ఆ పిలుపు కొనేదీ, అడుక్కునేదీ కాదని మింగేశాడు.

లెక్క చూసుకుంటే పోయినవి: ఒక కొత్త టర్బో, వారం రోజులు, నాలుగు కణుపుల తోలు, బాబాయ్ అన్న పిలుపు. మిగిలినవి: నడిచే కారు ఒకటి, ఎవరినైనా ఒక మాట అనేముందు పైపు ఊది చూసుకునే బుద్ధి ఒకటి.