సిద్దమ్మ కట్టిన కోళ్ళగూడు

గుడ్డట్టు పోసే ముందు సిద్దమ్మ ఉప్పు డబ్బాకి మూత పెడుతుంది. ఆమె పెంచే నల్లకోళ్ళ గుడ్డు ఏది పగిలినా అక్కడ కాసేపు వాన తుంపర పడుతుంది. వాళ్ళ అత్త కాలం నుంచీ అంతే. కుందుర్పి దగ్గరున్న ఆ ఊళ్ళో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. "చీర తడిసుండాదే, గుడ్డట్టు పోసినావా?" అంటారు, అంతే.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వేరుశనగకు ఊడలు దిగే అదునులో చేను వాడిపోయింది. దాహం పట్టిన కోళ్ళేమో పెట్టిన గుడ్డును పెట్టినట్టే పొడిచి ఆ చినుకులు తాగడం మరిగాయి. సిద్దమ్మ గంపలో చెయ్యి పెడితే తడి పెంకులే తగిలేవి.

"చేనూ పాయె, గుడ్లూ పాయె. కోళ్ళను పక్కింటి బసప్పకిచ్చేసి బెంగళూరు పోదాం పా. ఇండ్లు కట్టే బేల్దారి పనుండాదంట," అన్నాడు భర్త ఓబులేషు.

"గుడ్లు నిలిస్తే చేను తడుపుకోవచ్చు కదయ్యా. కొన్నాళ్ళు ఓర్చుకో."

గుడ్డు పడ్డ వెంటనే కోడి ముక్కుకు అందకుండా పోవాలి. అదొక్కటే సిద్దమ్మ ఆలోచన. పాత తలుపు కోసి పెట్టె బిగించింది. అడుగున జాలీ, దాని మీద చాప ముక్క. ఆ అడుగును ముందుకు వాలుగా పెట్టి, ముందు చెక్క కింద గుడ్డు దూరేంత సందు వదిలింది. సందు బయట వేరుశనగ పొట్టు పరిచిన తొట్టి, దాని మీద మూత.

మొదటి గుడ్డు జోరుగా దొర్లి చెక్కకు కొట్టుకుని పగిలింది. సిద్దమ్మ తల తడిసింది. వాలు తగ్గిస్తే రెండోది కదలనే లేదు, కోడి దాన్ని తాగేసింది. పెట్టె వెనకకాలి కింద పుల్ల పెట్టింది, తీసింది, ఇంకాస్త సన్నది పెట్టింది.

"కోళ్ళకు మిద్దె కడతాండావా సిద్దమ్మా?" గోడవతల నుంచి బసప్ప నవ్వాడు.

"నవ్వప్పా. రేపు నువ్వే వచ్చి అడుగుతావు."

మర్నాడు ఒక పెట్ట గూటి వాకిలికి కట్టిన గోనెపట్టా పరదా తోసుకుని లోపల కూర్చుంది. చాలాసేపటికి లేచింది. గుడ్డు తడబడుతూ, నెమ్మదిగా దొర్లి, సందులోంచి దూరి చప్పుడు లేకుండా పొట్టు మీద ఒదిగింది. పెట్ట వెనక్కి తిరిగి చూసింది. ఏమీ లేదు.

"యాడుండాదో చూడు! ఈ గూడు కట్టింది నేనే," అని సిద్దమ్మ పెట్టతోనే చెప్పి, ఒక్కతే పకపకా నవ్వింది.

గంప నిండేదాకా ఓబులేషు ఓర్చుకోలేకపోయాడు. ఒక పొద్దున బట్టల సంచి భుజాన వేసుకుని చేని పక్క రోడ్డు మీద బస్సుకు నిలబడ్డాడు. సిద్దమ్మ అతన్ని పిలవలేదు. గంప నెత్తిన పెట్టుకుని నేరుగా చేలోకి దిగి, సాలు వెంబడి నడుస్తూ గుడ్లు పగలగొట్టసాగింది.

ముందు తుంపరే. ఇన్ని గుడ్లు ఒక్కచోట ఎన్నడూ పగల్లేదు. తుంపరకు తుంపర తోడై, జల్లై, చూస్తుండగానే చేనంతా వాన పట్టుకుంది. ఎర్రమట్టి వాసన గుప్పున లేచింది. మిగిలిన గుడ్లు గట్టు దాటి బసప్ప చేలో పగలగొట్టింది. బసప్ప చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"అక్కా, మాకూ ఒక గూడు కట్టియ్యి," అన్నాడు.

"చెక్క తెచ్చుకో. కడతా."

బస్సొచ్చి ఆగింది. గాలికి జల్లు అద్దాల మీద కొట్టింది.

"ఎక్కప్పా, బెంగళూరు!" అన్నాడు కండక్టరు.

ఓబులేషు సంచి దించి చేని వైపు చెయ్యి చాపాడు. "నేను రానన్నా. ఆ వాన చూసినావా? మా సిద్దమ్మది."

కండక్టరు తలూపి, లోపలికి తిరిగి కిటికీలు మూసుకోమని అందరికీ చెప్పి, రైట్ రైట్ అన్నాడు.