ఉబిన్‌లో ఒక చుట్టు

పన్నెండో మనిషి వచ్చేదాకా బోటు కదలదు. అప్పటికి పదిమందే ఉన్నారు. చాంగీ పాయింట్ జెట్టీలో బల్ల మీద కూర్చుని కాత్యాయని తన సైకిలు ముందు టైరును బొటనవేలితో నొక్కి చూసింది. ప్రతి శనివారం ఏడింటికి చేసే పనే. పక్కన గురునాథం ప్లాస్టిక్ సంచిలో కట్టించుకున్న కాఫీని స్ట్రాతో పీలుస్తూ, ఉన్న గాలి చాలునని, మట్టిదారికి టైరు కాస్త మెత్తగానే ఉండాలని చెప్పాడు. అదీ ప్రతి శనివారం చెప్పేదే.

ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఐటీ విభాగంలో టెస్టరు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, జరగాల్సింది ఒక గడిలో, జరిగింది ఇంకో గడిలో రాయడం ఉద్యోగం. పదిహేడేళ్ళుగా అదే అంతస్తు, అదే కిటికీ వైపు కుర్చీ. ఆ ఏడాది కరోనా ఆంక్షలు సడలేసరికి కంపెనీలన్నీ మనుషుల కోసం ఎగబడుతున్నాయి. శుక్రవారం వస్తే చాలు, ఎవరో ఒకరు మంచి జీతానికి వెళ్ళిపోతూ కేకు కోసేవారు. వీడ్కోలు కార్డు మీద మొదటి సంతకం కాత్యాయనిదే ఉండేది. ఆవిడ ఎక్కడికీ వెళ్ళదని అందరికీ తెలుసు. భర్త జనార్ధనరావుకు జురాంగ్ ఐలాండులో షిఫ్టు డ్యూటీ. కొడుకు భరద్వాజ్ సైన్యంలో తప్పనిసరి రెండేళ్ళ సర్వీసు చేస్తున్నాడు. సెంబవాంగ్ ఫ్లాట్‌లో చాలాసార్లు ఒక్క పళ్ళెమే కడగాల్సి వచ్చేది.

చిన్నప్పుడు తెనాలిలో అన్నల సైకిలు తుడిచిపెట్టడమే గానీ ఎక్కింది లేదు. నలభై అయిదో ఏట ఈస్ట్ కోస్ట్ పార్కులో అద్దె సైకిలు తీసుకుని, పది గజాలు పోకుండానే పొదలో పడి, "అమ్మోయ్" అంది. ఆ మాట విని ఒక ముసలాయన బండి ఆపి, తెలుగు పిల్లవా అని అడిగాడు. ఆయనే గురునాథం. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి బ్రిటిష్ నేవీ స్థావరానికి కూలీగా వచ్చాడట. గురునాథం సెంబవాంగ్‌లోనే పుట్టి, అక్కడి షిప్‌యార్డులోనే ముప్పై ఆరేళ్ళు పైపులకు వెల్డింగు చేశాడు. ముంజేతుల నిండా నిప్పురవ్వలు కాల్చిన తెల్లమచ్చలు. ఆయన తెలుగులో అరవమూ మలయ్ భాషా కలిసిపోయి ఉండేవి. నిదానంగా పొమ్మనడానికి "పెలాన్ పెలాన్" అనేవాడు. ఆరు వారాలు సీటు వెనక పట్టుకుని పరిగెత్తి ఆమెకు సైకిలు నేర్పాడు. తర్వాత ఆయనే వెతికి, ఒక చైనీస్ టీచరు అమ్మేస్తున్న గ్రావెల్ బైకును కొనిపించాడు. రోడ్డు సైకిలులా వంపు తిరిగిన హ్యాండిలు, మట్టికీ కంకరకీ తగిన లావు టైర్లు. ఆయనది మాత్రం పాత సైకిలు. ఓడలకు వేసే బూడిదరంగు పెయింటు పూసుకున్నాడు దానికి.

పన్నెండో మనిషి వచ్చాడు. బోటు పావుగంటలో ఉబిన్ ద్వీపం చేరింది.

జెట్టీ దాటగానే ఊరి చప్పుడు ఆగిపోతుంది. అద్దె సైకిళ్ళ కొట్లు, కొబ్బరిబోండాల బండి, ఆ తర్వాత రబ్బరుచెట్ల మధ్య కంకర దారి. రాత్రి వాన పడి మట్టి ఎర్రగా అణిగి ఉంది. ఒక అడవిపంది నాలుగు పిల్లలతో దారి దాటుతుంటే ఇద్దరూ కాళ్ళు కింద పెట్టి ఆగారు. ఆ రోజు గురునాథం మామూలుకంటే మెల్లగా తొక్కుతున్నాడు. ఆమె గమనించింది గానీ, ఆయనకు డెబ్భై ఒకటి అని సర్దుకుంది.

ఆమె కూడా ఏదో ఆలోచనలో ఉంది. ఎనిమిది రోజుల కిందట ఒక కొత్త కంపెనీ పిలిచి, పన్నెండుమంది టెస్టర్ల మీద పెద్దగా రమ్మంది. సోమవారంలోగా ఏ సంగతో చెప్పాలి. భర్తకు చెప్పలేదు. చెబితే నీ ఇష్టం అంటాడు, ఆ మాట వినడానికి ఆమెకు ఓపిక లేదు. ఎవరైనా వెళ్ళమనో వద్దనో గట్టిగా చెప్పాలని ఉంది.

కెటామ్ దగ్గర పాత రాతిగని ఇప్పుడు నీళ్ళు నిండి పెద్ద చెరువైంది. దాని చుట్టూ సైకిళ్ళ కోసం మట్టిదారి వేశారు. గని కనిపించే చోట, నాలుగు స్తంభాల నీడలో ఒక బల్ల ఉంది. గురునాథం సైకిలు స్తంభానికి ఆనించి దాని మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమె నిలబడే విషయమంతా చెప్పింది. ఇన్నేళ్ళూ తప్పులు చూపించడమే గానీ ఒక్కరికీ పని చెప్పిన అలవాటు లేదని, ఈ వయసులో ఓడిపోతే నవ్వుతారని, పోకపోతే రిటైరయ్యేదాకా ఆ కిటికీయేనని చెప్పింది.

గురునాథం గనిలోని ఆకుపచ్చ నీళ్ళ వైపు తిరిగాడు.

"నేను ఒకే గేటులో ముప్పై ఆరేళ్ళు పోయినానమ్మా. నన్నడుగుతున్నావా?" అన్నాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను అంకుల్."

"సరే. నువ్వొక చుట్టు తిరిగి రా. వచ్చినాక చెప్తాను. ఆ దిగుడు కాడ ఇయ్యాళ బండి దిగొద్దు. బ్రేకు మెల్లంగా ఇడుస్తా పో. బండికి దారి తెలుస్తది."

ఆ దిగుడు గని అవతల ఉంది. రాళ్ళు తేలిన నిటారు వాలు. నాలుగేళ్ళుగా అక్కడ ఆమె దిగి సైకిలు నడిపించుకునే పోయేది. ఆ రోజూ అంచు దాకా వచ్చి కాలు కింద పెట్టింది. వెనక్కి చూసింది. చెట్ల అడ్డం వల్ల ఆయన కనిపించలేదు. ఎందుకో కాలు మళ్ళీ పెడలు మీదికి వెళ్ళింది. చక్రం మొదటి రాయి మీద ఎగిరింది, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి, వేళ్ళు బ్రేకు మీద బిగుసుకున్నాయి. ఎక్కడో మధ్యలో పట్టు వదిలింది. కిందికి వచ్చి ఆగేసరికి మోచేతుల దాకా ఎర్రమట్టి. ఒంటరిగా, పెద్దగా నవ్వింది. ఇంట్లో కూడా అంత పెద్దగా నవ్వి చాలా కాలమైంది.

మిగతా దారి గబగబా తొక్కుకుంటూ వచ్చింది. గురునాథం బల్ల మీద అలాగే ఉన్నాడు. స్తంభానికి ఆనుకుని, గడ్డం ఛాతీకి తగిలించి, కళ్ళు మూసుకుని. కునుకు తీస్తున్నాడనుకుంది. పక్కన కూర్చుని నీళ్ళు తాగి, చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రాయి దగ్గర ఏమైందో, చక్రం ఎటు లాగిందో, ఎక్కడ బ్రేకు వదిలిందో. "దిగలేదంకుల్, అసలు దిగలేదు," అంది. ఈగ ఒకటి ఆయన పెదవి మీద వాలింది. నెమ్మదిగా నోటి మూల దాకా నడిచింది. ఆయన దాన్ని తోలలేదు.

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది.

ఆఫీసులో ప్రథమ చికిత్స తరగతిలో రబ్బరు బొమ్మ మీద నేర్చుకుంది. ఆయన్ని నేల మీద పడుకోబెట్టి, అంబులెన్సుకు ఫోను చేసి స్పీకరులో పెట్టి, అవతలి గొంతు లెక్కపెడుతుంటే ఛాతీ మీద నొక్కింది. బొమ్మ ఇంత మెత్తగా లేదు. ఛాతీ ఇంకా వెచ్చగానే ఉంది. ఎంతసేపు నొక్కిందో తెలియదు. ద్వీపంలోని ఫైర్ పోస్టు నుంచి చిన్న బండిలో ఇద్దరు వచ్చి ఆమె చేతులు పట్టుకుని పక్కకి తీశారు. వాళ్ళు కూడా ప్రయత్నించారు. తర్వాత ఒకతను మోకాళ్ళ మీదే వెనక్కి జరిగి, వాచీ చూసి, సమయం గట్టిగా చెప్పాడు. పదీ నలభై. గురునాథం ఏం చెప్పాలనుకున్నాడో ఇక తెలియదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టింది. వెంటనే, ఈ సమయంలో తన గొడవ గుర్తొచ్చినందుకు సిగ్గేసింది.

జెట్టీ దగ్గరి పోలీసు పోస్టులో ఆయన ఎవరని అడిగారు. స్నేహితుడని చెప్పింది. పూర్తి పేరు అడిగారు. తెలియదు. ఇంటి బ్లాకు నంబరు అడిగారు. తెలియదు. నాలుగేళ్ళు, ఇంచుమించు ప్రతి శనివారం. ఏమైనా జబ్బు ఉందా అని అడిగారు. లేదంది. ఆయన ఫోనులో దొరికిన నంబరుకు వాళ్ళే ఫోను చేశారు. మనవరాలు కీర్తిక ఎత్తింది. ఆఫీసరు విషయం చెప్పి, కొంతసేపు విని, ఫోను కాత్యాయనికి ఇచ్చాడు.

"కాత్యా ఆంటీయా?" ఆ పిల్ల గొంతు ఏడుపుతో కీచుగా ఉంది. "డాక్టర్ సైక్లింగ్ వద్దన్నారు ఆంటీ. లాస్ట్ ఇయరే. తాతయ్య వినలేదు. సాటర్డే మీరు వెయిట్ చేస్తారని."

వస్తున్నామని చెప్పి ఆ పిల్ల పెట్టేసింది. ఫోను ఇంకా కాత్యాయని చెవి దగ్గరే ఉంటే ఆఫీసరు మెల్లగా అందుకున్నాడు.

గురునాథం సైకిలు సీటు కింది సంచిలోని వస్తువులు ఆఫీసరు బల్ల మీద ఒక్కొక్కటే పెట్టి కాగితం మీద రాశాడు. సాక్షి కాబట్టి ఒకసారి సరిచూసి సంతకం చెయ్యమన్నాడు. జాబితాలు సరిచూడటం ఆమెకు వచ్చిన పనే. చేతిరుమాలు. టైరు ఊడదీసే ప్లాస్టిక్ పుల్లలు రెండు. చిన్న పంపు. సగం వాడిన గుండెమాత్రల అట్ట. వాటిని ఆమె ఎప్పుడూ చూడలేదు. చివరిది స్పేర్ ట్యూబు, అట్టపెట్టెలో. ఒక్కో వరుస పక్కనా టిక్కు పెడుతూ వచ్చి అక్కడ పెన్ను ఆపింది. పెట్టె మీద చక్రం కొలత ఏడువందలని అచ్చువేసి ఉంది. గురునాథం బండి చక్రం ఇరవయ్యారు అంగుళాలది. ఈ ట్యూబు దానికి ఎక్కదు. గోడకు ఆనించి ఉన్న తన సైకిలు చక్రం వైపు చూసింది. ఏడువందల చక్రం తనదే. నాలుగేళ్ళలో తనకు ఒక్క పంక్చరు కూడా పడలేదు.

ఆఫీసరు ఏమైనా తేడా ఉందా అని అడిగాడు. లేదని తలూపి సంతకం చేసింది.

పెట్టె ఇంకా తెరవలేదు. సంచిలో అటూ ఇటూ రాసుకుని అంచులు తెల్లబడ్డాయి, మూలలు చిరిగితే టేపు వేసి ఉంది, ఆ టేపు మాసిపోతే దాని మీద మళ్ళీ కొత్త టేపు వేసి ఉంది.