తడి గొంగడి వాసన

సుస్మిత తన జన్మలో ఒక్క చుక్క వైను మింగలేదు. అయినా సింగపూర్‌లో ఆంగ్ మో కియో ఇండస్ట్రియల్ పార్కులో ఆమె భర్త విష్ణు నడిపే చిన్న వైను దిగుమతి కంపెనీలో ఏ సరుకు కొనాలో, ఏది వద్దో తేల్చేది ఆమె ముక్కే. గ్లాసు నెమ్మదిగా తిప్పి, వాసన చూసి, పక్కన పెట్టేసేది. "కంపెనీ పేరు నాది, ముక్కు మా ఆవిడది," అని విష్ణు రెస్టారెంట్ల వాళ్లతో గొప్పగా చెప్పుకునేవాడు.

విష్ణు ముత్తాత రబ్బరు తోటల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. సుస్మితది సిద్దిపేట దగ్గర పల్లె. తండ్రి భద్రయ్య గొర్లు కాసి ఆమెను ఎమ్మెస్సీ దాకా చదివించాడు. సింగపూర్‌లోనే తువాస్ అనే చోట ఒక మసాలాల ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగానికి వచ్చి, ఒక ఉగాది పండగలో విష్ణుకు పరిచయమై, ఇక్కడే ఉండిపోయింది.

పదేళ్ల కిందట ఫ్రాన్సు నుంచి మార్వియే అనే చిన్న తోట సీసాలు వచ్చాయి. లువార్ నది పక్కన ఆంజూ ప్రాంతంలో, షెనాన్ అనే ద్రాక్షతో చేసే తెల్ల వైన్లు. తోట యజమాని ఎలోదీ అని, అరవయ్యేళ్లావిడ. సుస్మిత గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. ముందు దోరజామ. ఆ వెనక తేనెమైనం, చామంతి. గ్లాసు కాస్త చలి విడిచాక ఇంకోటి వచ్చింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

తడిసిన గొంగడి. వానలో మందను తోలుకొచ్చిన నాయిన దాన్ని పొయ్యి పక్కన ఆరేస్తే ఇల్లంతా కమ్ముకునే వాసన.

"ఏమైంది?" అన్నాడు విష్ణు.

"ఏం లేదు. తడి ఉన్ని వాసనొస్తుంది. మంచిదే, కొను."

విష్ణు కేటలాగులో 'తడి ఉన్ని' అని రాసుకున్నాడు. అక్కడి తెల్ల వైన్లలో ఆ వాసన ఉండటం మామూలేనని తర్వాత ఎక్కడో చదివి, భార్యను ఇంకా మెచ్చుకున్నాడు. అది ఎవరి ఉన్నో అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

భద్రయ్య పోయినప్పుడు కరోనాతో విమానాలు ఆగిపోయి ఉన్నాయి. తమ్ముడు ఫోన్ పట్టుకుంటే, మంచం మీద కూర్చుని ఆ చిన్న తెరలో తండ్రిని సాగనంపింది. ఆ తర్వాత అప్పుడప్పుడు, విష్ణు సరుకు వెయ్యడానికి వెళ్లినప్పుడు, కంపెనీ షాపులో ఒంటరిగా ఒక మార్వియే సీసా తెరిచేది. పది నిమిషాలు గ్లాసు దగ్గర కూర్చుని, సీసాకు బిరడా బిగించి, నాయినను చూసొచ్చినట్టే లేచేది.

రెండేళ్లకు ఆమెకు కరోనా జ్వరం తగిలింది. తగ్గాక మొదటిరోజు షాపుకెళ్లి అదే సీసా తెరిచింది. గ్లాసు తిప్పింది. ఏమీ లేదు. ఇంకోసారి తిప్పింది. మంచినీళ్లు పోసుకున్నట్టే ఉంది. ఇంటికొచ్చి వంటింట్లో డబ్బాలన్నీ దించింది. ఇంగువ, మెంతులు, కాఫీపొడి. డెటాల్ మూత తీసింది. చివరికి కూతురు కీర్తిక విప్పేసిన స్కూలు చొక్కాలో మొహం పెట్టుకుంది. ఏమీ తెలియలేదు. అక్కడే నేలమీద కూలబడింది.

వాసన నెలలో తిరిగొస్తుందని క్లినిక్‌లో అన్నారు. రాలేదు. విష్ణుకు మాత్రం చెప్పలేదు. శాంపిళ్లు వస్తే రంగు చూసేది. ఆ ఏడు అక్కడ వానలెట్లా పడ్డాయో, మంచెంత కురిసిందో తోటల వాళ్లు రాసిన ఉత్తరాలు ముందే చదివి పెట్టుకునేది. పాత మాటల్లోంచి నాలుగు ఏరి చెప్పేది. అతను నమ్మి రాసుకునేవాడు. కనిపెట్టింది పద్నాలుగేళ్ల కీర్తికే.

"మమ్మీ, పాలు మాడుతున్నయ్ లా! స్మెల్ రావట్లేదా?" అంది, మాట చివర సింగపూర్ పిల్లల 'లా' తగిలిస్తూ.

సుస్మిత స్టవ్ ఆపి, కూతురి చెయ్యి పట్టుకుంది. "డాడీకి చెప్పకు బిడ్డా."

"ఎందుకు?"

సుస్మిత మాడిన గిన్నె సింకులో పెట్టి నీళ్లు వదిలింది.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. మార్వియే వైన్లను రెస్టారెంట్ల వాళ్లకు రుచి చూపించడానికి ఎలోదీ సింగపూర్ వచ్చింది. హోటల్లో చిన్న హాలు, ముప్పైమంది అతిథులు. పొయ్యబోయే ముందు ప్రతి సీసా వాసన చూసి, బిరడా పాడుచేసినవాటిని పక్కన పెట్టడం సుస్మిత పని. నాలుగో సీసా దగ్గర ఆమె బాగుందన్నట్టు తల ఊపింది. విష్ణు గ్లాసుల్లోకి వంచాడు. మొదటి గ్లాసు అందుకున్న ఎలోదీ దాన్ని ముక్కు దాకా కూడా తీసుకెళ్లలేదు.

"అయ్యో, ఇది వద్దు," అంది ఇంగ్లీషులో. అతిథుల చేతుల్లోంచి గ్లాసులు తనే వెనక్కి తీసుకుంది. బూజుపట్టిన తడి అట్టపెట్టె కంపు. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు కూడా పట్టుకోగలిగింది. విష్ణు భార్య వైపు చూశాడు. ఆమె బల్లమీద గుడ్డను నాలుగు మడతలు పెడుతూ తలెత్తలేదు.

తిరుగుబస్సులో పైఅంతస్తులో కూర్చున్నారు. విష్ణు అడిగాడు. "ఎన్నాళ్ల నుంచి?"

"జ్వరమొచ్చినప్పటి నుంచి."

"ఎనిమిది నెలలా? నేను తిడతాననుకున్నావా సుస్మీ? షాపు పోతే పోయేది. నాకెందుకు చెప్పలేదు?"

"నీతోని చెప్తే నిజమైతదనిపించింది. ఆ సీసాల నాయిన ఉండె. గొంగడి తడిసిన వాసన. నువ్వు ఉన్ని అని రాసుకున్నవు గదా, అది మా నాయినే. ఊళ్లె లేకపోయినా ఈడ ఉండె. ఇప్పుడు ఈడ గూడ లేడు."

ఇన్నేళ్లుగా ఆ 'తడి ఉన్ని' మాటను ఎన్ని రెస్టారెంట్లలో ఎంతమందికి చెప్పి నవ్వుతూ సీసాలు అమ్మాడో విష్ణుకు గుర్తొచ్చినట్టుంది. "మీ నాన్న గురించి చెప్పు," అన్నాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. గొర్లను పేరు పెట్టి పిలిచే తీరు, ఒంటిపూట అన్నం, ఎమ్మెస్సీ ఫీజుకు మందలో సగం అమ్మిన రోజు ఈలపాట పాడుకుంటూ ఇంటికి రావడం. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఇద్దరూ లేవలేదు.

చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు నాలుగు చిన్న సీసాలు ఇచ్చాడు: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. రోజూ రెండుపూటలా వాసన చూస్తూ గుర్తుచేసుకోమన్నాడు. ఏడాదిపైన చేసింది. రెండేళ్లు దాటాక డాక్టరు, ఇక ఆశపెట్టుకోవద్దమ్మా అన్నాడు. మార్వియే వైన్లు ఇంకో పెద్ద కంపెనీకి వెళ్లిపోయాయి. ఆ సంగతి రాస్తూ ఎలోదీ, సుస్మిత ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. విష్ణు కంపెనీ ఇప్పుడు మామూలు ఎర్ర వైన్లతో నడుస్తోంది. సుస్మిత షాపుకు వెళ్లడం మానేసింది.

మొన్న పెత్రమాస నాడు ఆమె పెద్దలకు పెట్టుకుంది. లిటిల్ ఇండియా నుంచి విష్ణు తెచ్చిన మటన్ వండింది, గారెలు చేసింది. భద్రయ్య ఫొటో ముందు విస్తరి వేసి, కల్లు పెట్టాల్సిన చోట ఏం పెట్టాలా అని చూస్తుంటే, విష్ణు ఫ్రిజ్‌లోంచి మిగిలిన ఆఖరి మార్వియే సీసా తీసి బిరడా లాగాడు. గ్లాసులో పోసి, తను వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"వస్తుందా?" అని అడిగింది.

అబద్ధం చెప్పాలని అతని నోటిదాకా వచ్చింది. "నాకు తెలియట్లేదు సుస్మీ," అన్నాడు.

"సరే తీయ్," అంది. గ్లాసు అందుకుని తండ్రి విస్తరి పక్కన పెట్టి, కొంగు నెత్తిమీద కప్పుకుని దండం పెట్టుకుంది. కీర్తిక కూడా వచ్చి పక్కన నిలబడింది. సాయంత్రం దాకా ఆ గ్లాసు అక్కడే ఉంది. ఎవరూ తీయలేదు.