మెల్లగా తొక్కితే

అదే కదా, గట్టిగా తొక్కితే ఏ గొడవా లేదు, అక్కడే నా బుర్ర తిరుగుతోంది, కొండదారిలో పాదం పూర్తిగా దించితే పాతికేళ్ల ఈ కారు లేగదూడలా దూకుతుంది, ఊరికే నిలబెట్టి ఉంచితే బుద్ధిగా గుర్రుమంటూ తిరుగుతుంది, మెల్లగా, నిద్రపోతున్న పసివాణ్ణి ఎత్తుకున్నట్టు మెల్లగా తొక్కితే మాత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, మనిషిని ముందుకు విసిరేలా కుదిపి, ఆ తరువాత ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది, మూడు నెలలుగా ఆ కుదుపుతోనే చర్చికి పోయి వస్తున్నాను, నాకు అదో లెక్క కాదు, కాని ఈ మధ్యాహ్నం అపియా పట్నం ఆసుపత్రి నుంచి నా భార్య లెపెకాను ఇంటికి తేవాలి, ఆమె పొట్ట మీద పదకొండు కుట్లున్నాయి, డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది, కుదుపు తగలకూడదు పెద్దాయనా, నత్తలా నడిపించు అని, నత్తలా అంటే ఇది సరిగ్గా కుదిపే చోటే, బస్సులో చూస్తే చెక్క బెంచీలు, పాస్టరుగారి వ్యాను సంఘం పనిమీద దీవి అటు చివరకు పోయింది, ప్రభువా, కారు కోసం ప్రార్థించడం చిన్నతనమనుకుంటావేమో, నిన్న సాయంత్రం శంఖం ఊదగానే ఊరంతా ప్రార్థనకు కూర్చుంటే కళ్లు మూసుకుని నేను చూసింది నిన్ను కాదు, ఈ ఇంజన్‌ని.

ప్లగ్గులు మార్చాను, గాలి ఫిల్టరు దులిపాను, పెట్రోల్లో నీళ్లు చేరాయేమోనని ట్యాంకు ఖాళీ చేశాను, ఇక మిగిలింది ఇంజన్‌కి గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టమే, పోయినేడు అది చీలితే సీమపనస చెట్టు బంక పూశాను, మా తాత పడవ చీలికకు పూసినట్టే, అప్పుడు లెపెకా నవ్వింది, ఇంజన్‌కీ పడవకూ తేడా తెలియని మనిషిని కట్టుకున్నాను అంది, ఆ మాట పట్టుకుని ఈ ఉదయం గొట్టం మీద సబ్బునీళ్లు పోశాను, ఆ చీలికలోంచి గాలి పీల్చుకుంటుంటే ఇంజన్ మోత మారాలి కదా, ఏమీ మారలేదు, బంక రాయిలా ఉంది, తప్పు నాది కాదని సంతోషించాలో, ఇక వెతకడానికి ఏమీ మిగల్లేదని ఏడవాలో తెలియక నిలబడితే, వెనకనుంచి, మామా, కాస్త జరుగు, నీ పొట్ట నీడ ఇంజన్ మీద పడుతోంది, అన్న గొంతు, సియాఓసి, లెపెకా అన్న కొడుకు, ఇద్దరు పిల్లల తండ్రి, ఊళ్లో మైకులూ మోటార్లూ బాగుచేసేది వాడే, వాణ్ణి నేను పిలవలేదు, ఏ మొహం పెట్టుకుని పిలుస్తాను, ఊరి మధ్యలో గాలిలా కారు తోలుతున్నాడని పెద్దల సభలో లేచి, పది పెట్టెల చేపల డబ్బాలు జరిమానా వెయ్యాలన్నది నేనే, వేశారు, వాడు కట్టాడు, ఆ తరువాత నెల్లోనే ఆ కారు కొబ్బరిచెట్టుకు గుద్దుకుంది, ఇప్పుడు వాడి పెరట్లో అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి, అత్తను తేవాలటగా, మా అమ్మ చెప్పింది, అంటూనే మీటరు తీసి, ఇంజన్ ఆపమని, తాళం మాత్రం తిప్పి ఉంచమన్నాడు.

నల్లటి చిన్న డబ్బా ఒకటి చూపించాడు, నువ్వు తొక్కినప్పుడు గాలి తలుపు ఎంత తెరుచుకుందో ఇంజన్‌కి కబురు చెప్పేది ఇదే మామా అని, దాని తీగల్లో రెండు సూదులు గుచ్చి, తలుపును వేలితో వెంట్రుకవాసి తిప్పాడు, మీటరు ముల్లు లేచింది, ఇంకొంచెం లేచింది, టక్కున సున్నాకు పడిపోయింది, మళ్లీ లేచి పైదాకా సాఫీగా పోయింది, మళ్లీ తిప్పాడు, మళ్లీ అక్కడే పడింది, నా గుండె కూడా దానితో పాటే పడింది, లోపల పట్టీ మీద ఒక రేకు రాసుకుంటూ జరుగుతుంది మామా, నీ పాదం రోజూ ఎక్కడ ఆగుతుందో అక్కడే పట్టీ అరిగిపోయింది, పాతికేళ్లు ఒకటే వేగం కదా, సంఘపెద్ద వేగం, అని కిసుక్కున నవ్వాడు, నాకు ఒళ్లు మండింది, ఏరా, పిల్లలూ పందులూ అడ్డమొచ్చే దారిలో ఒద్దికగా పోవడం తప్పంటావా అన్నాను, తప్పని ఎవరన్నారు, అరిగిందంటున్నాను అంతే, నా కార్లో ఉన్నదీ ఇదే డబ్బా, తెస్తానుండు అన్నాడు, వద్దురా, నువ్వు నడిపిన నడకకు అది ఇంకా చచ్చిపోయి ఉంటుంది అంటే, నడుం మీద చేతులు పెట్టుకుని నావైపు చూశాడు, మామా, నేను ఎప్పుడైనా మెల్లగా తొక్కానా, నా దాంట్లో ఆ భాగం కొత్త పలకలా ఉంటుంది, అని పోయి, కోడి పొడిచిన చెయ్యి చీకుతూ వచ్చాడు, బిగించి తిప్పితే ముల్లు ఎక్కడా పడకుండా చివరిదాకా పోయింది, మూడుసార్లు పోయింది, నేను వాడి భుజం పట్టుకున్నాను, వాడు అన్నాడు, ఏడవకు, కావాలంటే నా చేపల డబ్బాలు తిరిగిచ్చెయ్, ఊరంతా కలిసి తినేశాం కదరా అన్నాను, ప్రభువా, ఇందులో నీ న్యాయం ఏమిటో నాకు పూర్తిగా అర్థం కాలేదు, అడ్డదిడ్డంగా తోలినవాడి దగ్గర మెత్తదనం చెక్కుచెదరకుండా ఉంచావు, అడుగుతున్నానంతే, నేరం మోపడం లేదు.

పొట్టకు దిండు హత్తుకుని లెపెకా పక్క సీట్లో కూర్చుంది, పది రోజుల్లో చిక్కిపోయింది, ఆసుపత్రి గేటు దాటి మెల్లగా తొక్కాను, ఇదిగో ఇప్పుడు, ఇక్కడే, అని పళ్లు బిగించాను, ఆ చోటు వచ్చింది, వెళ్లిపోయింది, నీళ్లమీద పడవలా జారిపోయాం, ఆమెకు తెలియనే తెలియదు, తెలియకపోవడమే కదా నాకు కావలసింది, కొండ దిగాం, మొదటి ఊరు, బట్టలారేసిన తీగలు, పొయ్యిరాళ్ల పొగ, రేపటి ఆదివారం వంటకు కొబ్బరి తురుముతున్న మనుషులు, రెండో ఊరు, ఎక్కడా కుదుపు లేదు, నాలో నేను కీర్తన అందుకున్నాను, అప్పుడు, ఎన్నిసార్లు అడగాలి అంది లెపెకా గట్టిగా, ఏమిటి, ఏమైంది, నొప్పా, అని కారు పక్కకు తీయబోతే, ఏం కాలేదు, అద్దం కొంచెం దించమన్నాను, రెండుసార్లు అన్నాను, నువ్వింతే, మెల్లగా చెబితే వినపడదు, కేకేస్తే మాత్రం పరిగెత్తుకొస్తావు, అని నవ్వబోయి, అబ్బా, నవ్వించకు, కుట్లు, అంది, కోపం లేదు ఆ మాటలో, ముప్పయ్యొక్క ఏళ్లుగా అదే గొంతు, అదే మెత్తదనం, ఉప్పందుకో, ఆ చాప వెయ్యి, అద్దం దించు, తుపానులో పిలిచినప్పుడు విన్నాను, పురిటినొప్పుల్లో పిలిచినప్పుడు విన్నాను, రోజూ తగిలే ఆ చిన్న పిలుపు దగ్గరే నా చెవి అరిగింది, మెల్లగా నడిపేవాణ్ణని ఊరంతా చెప్పుకుంటే నేనూ నమ్మాను, మెల్లగా పిలిచినప్పుడు పలకడం వేరే పని అని ఇన్నేళ్లకు, ఈ మలుపు దగ్గర తెలిసింది, దీనికి మార్చే డబ్బా ఎవరి పెరట్లోనూ దొరకదు, నేనే చెవి పెట్టుకుని ఉండాలి, అద్దం దించాను, సముద్రపు గాలి వచ్చింది, ఆమె పెదవులు మళ్లీ కదులుతున్నాయి, ఇంకా శబ్దం రాలేదు, చెప్పు, అన్నాను.