లిల్లీ వీపు మీది పాఠం

సోమవారం పొద్దున ఏడు గంటలకు పదకొండో పాఠంలోంచి లిల్లీ బయటికొచ్చి, సత్యవేణి ఇంటి వరండాలో చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుంటుంది. వెనకాలే ఆమె కుక్క వస్తుంది. గోధుమరంగు కుక్క, చిన్నది, తోక పొడుగు. పాఠంలో ఇంతకు మించి రాయలేదు కాబట్టి దానికి మొరుగు లేదు.

సత్యవేణి ఏమీ ఆశ్చర్యపోదు. కాఫీ గ్లాసులు ఒకటి ఎక్కువ పెట్టుకోవాలి కాబోలు అనుకుంటుంది, అంతే.

ఆమె భర్త భీమేశ్వరరావు పశువుల ఆసుపత్రిలో అటెండరు. ఇరవై ఏళ్ళుగా ఇంకెవరో సూది పొడుస్తుంటే ఆవుల తలలు పట్టుకుంటున్నాడు. ఒక మెట్టు పైకెక్కాలంటే ఇంగ్లీషు పరీక్ష రాయాలన్నారు. అందుకని మనుషుల మీదా జంతువుల మీదా చిన్న చిన్న పాఠాలున్న పుస్తకం ఒకటి కొన్నాడు. పాఠం కింద పది ప్రశ్నలుంటాయి. జవాబులు పాఠంలోంచే చెప్పాలి, సొంత తెలివి చూపించకూడదని మొదటి పేజీలోనే హెచ్చరించారు.

ఆయన రోజూ పొద్దున్నే వరండాలో కూర్చుని పైకి చదువుతాడు. ఏది చదివితే అది వస్తుంది. నాలుగో పాఠం రోజున ఆవు వచ్చి పాలిచ్చి, తాను ఉపయోగకరమైన జంతువునని చెప్పి సాయంత్రానికి వెళ్ళిపోయింది. ఏడో పాఠంలోని పోస్టుమాను మజ్జిగ తాగి వెళ్ళాడు. మర్నాడు తర్వాతి పాఠం చదివితే నిన్నటివాళ్ళు ఉండరు. ఆ ఇంట్లో పద్ధతి అది.

మంగళవారం ఆయన మళ్ళీ పదకొండో పాఠమే చదువుతాడు. బుధవారం కూడా.

"ఈ పాఠం ఇంకా గట్టిపడలేదే," అంటాడు పెళ్ళాంతో. పలక పట్టుకున్న పిల్లాడికున్నంత శ్రద్ధ మొహంలో కనిపిస్తుంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషికి ఆ శ్రద్ధ అందంగానే ఉంటుంది, అదే సత్యవేణి కడుపు మంట.

లిల్లీ ఎన్నింటికి లేస్తుంది? ఆరు గంటలకు లేస్తుంది. లిల్లీకి ఏ పండు ఇష్టం? ఆకుపచ్చ యాపిల్ పండు ఇష్టం. ఆమె గొడుగు ఏ రంగు? పసుపు రంగు. ఆదివారం లిల్లీ ఎందుకు ఏడ్చింది? కుక్క తప్పిపోయిందని ఏడ్చింది. పదింటికి పదీ తడుముకోకుండా చెబుతాడు. ఒక్కో జవాబుకూ లిల్లీ తలూపి, "అది సరియైన సమాధానము," అంటుంది.

ఒక్కో సరైన జవాబుకూ వరండా ఒక స్తంభం మేర పొడుగవుతుంది.

సోమవారానికి ముందు ఆ వరండాకి మూడే స్తంభాలు. సోమవారం సాయంత్రానికి పదమూడు, శనివారానికి అరవై మూడు. ఒక కొసన ఆయనా లిల్లీ, ఇంకో కొసన వంటిల్లు. సత్యవేణి కాఫీ పట్టుకుని బయల్దేరితే నలభయ్యో స్తంభం దగ్గర ఆవిరి ఆగిపోతుంది. యాభయ్యో స్తంభం దగ్గర మీగడ కడుతుంది. ఆయన గ్లాసు అందుకుని, "చల్లారిపోయిందేంటే," అంటాడు. అరవై స్తంభాలు నడిచొచ్చిన మనిషిని కూర్చోమనాలన్న సంగతి ఆయనకి తట్టదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. సత్యవేణికి పెళ్ళయి ఇరవై మూడేళ్ళు. ఒక కొడుకు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు, అతనికి ఈ కథలో పనేమీ లేదు. ఇన్నేళ్ళలో తను ఎందుకు ఏడ్చిందో ఈయన ఎప్పుడైనా చెప్పగలిగాడా? తన గొడుగు రంగు తెలుసా? అసలు తనకు గొడుగుందని తెలుసా? లిల్లీ అందంగా ఉంటుందని సత్యవేణికి అసూయ లేదు. బొమ్మలో ఉన్నామె బాగానే ఉంటుంది, ఉండకపోతే అచ్చెందుకు వేస్తారు. తన మొగుడు ఇన్ని సంగతులు గుర్తుపెట్టుకోగల మనిషని తెలిశాక, ఆ గుర్తంతా ఇంకోచోట ఖర్చవుతుంటే చూడలేకపోతోంది.

ఆదివారం ప్రశ్నలకి సెలవు. ఆమె ఖాళీ గ్లాసు తీసుకుంటూ అడుగుతుంది.

"ఏవండీ, నాకేవిటి ఇష్టవో చెప్పండి."

ఆయన నిజంగానే ఆలోచిస్తాడు. పుస్తకం వెనక్కి తిప్పుతాడు, ముందుకి తిప్పుతాడు. దొరకదు.

"పాఠంలో లేదు కదే. ఎలా చెప్పను?"

అందులో వెక్కిరింపు లేదు. అందుకే ఆమెకి ఇంకా మండుతుంది. వెనక్కి నడిచే అరవై మూడు స్తంభాల పొడుగునా ఆ మాటే నములుతుంది.

ఆ మధ్యాహ్నం లిల్లీ చెయ్యి కడుక్కోడానికి వంటింటి వైపు వస్తే సత్యవేణి మొదటిసారి ఆమె వీపు చూస్తుంది. బొమ్మ ముందువైపే వేశారు కాబట్టి లిల్లీకి వెనకవైపు లేదు. అక్కడ ఉన్నది తర్వాతి పేజీ, అంటే పన్నెండో పాఠం. అందులో ఒక ఏనుగు దుంగ మోస్తూ ఎడం భుజం నుంచి కుడి భుజానికి నడుస్తోంది.

"నేను దుంగలను మోస్తాను. నేను చెరకును ఇష్టపడతాను," అంటుంది ఏనుగు.

"మా పెరటి వెనకంతా చెరకే. తలుపు తీసే ఉంది. నాకు ఇక్కడ కాస్త జాగా కావాలి," అంటుంది సత్యవేణి.

ఏనుగుకి ఇంత సబబైన మాట ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక్కో కాలే లిల్లీ వీపులోంచి బయట పెట్టి, దుంగని తులసికోట పక్కన దింపి, చెరకులోకి వెళ్ళిపోతుంది. లిల్లీ భుజాలు కదిపి, వీపు తేలిగ్గా ఉన్నదని చెబుతుంది. గోడ వైపు తిరిగి నిలబడమంటే నిలబడుతుంది. మంచిది పాపం, మంచిదని పాఠంలోనే రాశారు.

పశువుల పుళ్ళకి పూసే నీలిమందు సీసా ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. సత్యవేణి అగ్గిపుల్లకి దూది చుట్టి అందులో ముంచి, ఖాళీ పేజీ మీద రాస్తుంది. ఆమె రాసేది తెలుగే, ఆరేటప్పటికి అది ఇంగ్లీషైపోతుంది.

సత్యవేణికి నలభై మూడేళ్ళు. ఆమె పొద్దున్నే నాలుగున్నరకు లేస్తుంది. ఆమె గొడుగు నల్లది, ఒక ఊస విరిగింది. బొద్దింకంటే భయం. బస్సులో డ్రైవరు పక్కన మొదటి సీటంటే ఇష్టం. రేకుల మీద తొలి చినుకుల చప్పుడు ఇష్టం. గిన్నె అడుగున మాడిన అన్నంలో గోంగూర కలుపుకోవడం ఇష్టం. కిందటి జ్యేష్ఠమాసంలో ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పి ఏడ్చింది. పొయ్యి మీంచి దించిన మొదటి కాఫీ, ఎవరికీ ఇవ్వకముందు, తనే వేడివేడిగా తాగాలని ఆమెకు చాలా ఇష్టం.

తొమ్మిది సంగతులయ్యాయి. పదోది రాయాలి. పుస్తకంలో ప్రతి మనిషికీ ఇంటివాళ్ళ పేర్లు ఉంటాయి. సత్యవేణికి భర్త ఉన్నాడు, అతని పేరు, అని రాసి పుల్ల ఆపేస్తుంది.

ఇరవై మూడేళ్ళలో ఆ పేరు ఆమె నోట రాలేదు. రేషను కొట్టులో అడిగితే పక్కనున్నావిడ చేత చెప్పిస్తుంది. ఓటర్ల జాబితావాళ్ళు వచ్చినప్పుడు పడమటి వైపు చెయ్యి చూపించి, "ద్రాక్షారామంలో గుడి కట్టించుకున్నాయన పేరేనండి," అంది. వాళ్ళు నవ్వుకుని రాసుకున్నారు. చెప్పని పేరు రాయడం మాత్రం ఏం బావుంటుంది? ఖాళీ వదిలేస్తుంది. ఖాళీలు పూరించడంలో ఆయన దిట్ట కదా, పూరించుకుంటాడు.

తర్వాత చెప్పులు విడిచి పాఠంలోకి వెళ్తుంది.

లోపల ఒక ఇల్లుంది. ఆమె రాసినవన్నీ ఉన్నాయి, వాటికి కావలసినంత సామానుంది, ఇంకేదీ లేదు. గొడుగు తలుపు వెనక వేలాడుతోంది. రేకుల కప్పు మీద ఎప్పుడూ తొలి చినుకులే పడుతున్నాయి. పెరట్లో బస్సు ఆగి ఉంది, డ్రైవరు పక్క సీటు ఖాళీ. ఒక మూల బొద్దింక. అది కూడా తన చేతి రాతే కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేదు.

సోమవారం పొద్దున కాఫీ రాదు. భీమేశ్వరరావు కేకేస్తాడు. అరవై మూడు స్తంభాలూ నడుస్తాడు, అన్నేసి స్తంభాలున్నాయని అప్పుడే తెలుస్తుంది ఆయనకి. పొయ్యి చల్లగా ఉంది. గోడ వైపు తిరిగి లిల్లీ ఒక్కతే ఉంది, ఆమె వీపు మీద నీలి అక్షరాలు. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని అక్కడే కూలబడి చదువుతాడు. లోపల్నుంచి చూస్తే సత్యవేణికి ఆకాశం నిండా ఆయన కళ్ళద్దాలే.

సత్యవేణి ఎన్నింటికి లేస్తుంది? నాలుగున్నరకు లేస్తుంది. ఒక స్తంభం మాయమవుతుంది. గొడుగు ఏ రంగు? నల్లది. ఇంకో స్తంభం. కిందటి జ్యేష్ఠంలో ఎందుకు ఏడ్చింది? ఆయన గొంతు తగ్గించి, "ఉల్లిపాయల వల్ల కాదు," అంటాడు. లిల్లీ గోడ వైపే చూస్తూ, అది సరియైన సమాధానమని చెబుతుంది. లోపల సత్యవేణి గడప మీద కూర్చుండిపోతుంది.

ఆయన లిల్లీ తెచ్చుకున్న యాపిల్ పండ్లు తిని బతుకుతూ వారమంతా ఆ పాఠమే చదువుతాడు. లిల్లీ వారమంతా గోడనే చూస్తుంది.

"నా వీపు మీద ఏమి ఉన్నది? మీరు నా ముఖమును ఎందుకు చూడరు?" అని బుధవారం అడుగుతుంది. శుక్రవారం తల వెనక్కి తిప్పాలని చూస్తుంది, అట్ట తిరిగినట్టు పాఠమూ తిరిగిపోతుంది. ఆమెకి అసూయ అనే మాట నేర్పలేదు, అందుకని పొట్టలో నొప్పిగా ఉన్నదని చెబుతుంది. సత్యవేణికి జాలి వేయాలి. వేయదు. ఇన్నాళ్ళకి ఒకళ్ళకి తెలిసొచ్చిందని హాయిగా ఉంటుంది.

రోజుకు తొమ్మిది స్తంభాలు పోతాయి. పదో ప్రశ్న దగ్గర మాత్రం బండి ఆగిపోతుంది. సత్యవేణి భర్త పేరేమి? ఆయన మొదటిరోజు నవ్వుతూ, రెండోరోజు గట్టిగా, శనివారం బతిమాలుతూ తన పేరు చెబుతాడు.

"పాఠంలో లేదు," అంటుంది లిల్లీ.

"నేనేనమ్మా ఆయన్ని."

"పాఠంలో లేదు."

శనివారానికి పాత స్తంభాలు మూడూ, రోజుకొకటి చొప్పున మొండికేసినవి ఆరూ మిగులుతాయి. ఆయన చూపుడువేలితో ఆ ఖాళీ మీద తడుతుంటాడు. లోపల అది వీధి తలుపు కొట్టినట్టు వినిపిస్తుంది. సత్యవేణి వెళ్ళి తీస్తుంది. తలుపు అవతల తెల్ల కాగితం తప్ప ఏమీ లేదు.

పేరు రాస్తేనే ఆ మనిషి రాగలడని ఆమెకి అర్థమవుతుంది. లోపలికి నీలిమందు తెచ్చుకోలేదు. అక్షరాలు కావాలంటే ఉన్న వాక్యాల్లోంచే ఊడదీసుకోవాలి. ఊడదీసిన వాక్యంలోని వస్తువు ఇంక ఉండదు. పేరా, మామూలు పేరు కాదు, మా చెడ్డ పొడుగు.

రావు అన్నది పేరు కిందికి రాదని ఆమె తీర్పు చెప్పుకుంటుంది. సగం ఊరికి ఉన్నదే కదా. అది రాస్తే తప్పులేదు. ముందు బస్సు వాక్యం విప్పుతుంది. పెరట్లో బస్సు ఖాళీ సీటుతో సహా వెళ్ళిపోతుంది. చాలదు. వాన వాక్యం విప్పుతుంది. రేకుల మీద చప్పుడు ఆగి, ఇల్లు చెవుడు వచ్చినట్టవుతుంది. ఆ అక్షరాల్ని ఖాళీ చివర వరసగా అంటిస్తుంది.

తలుపు దగ్గర రెండు కాళ్ళు నిలబడి ఉన్నాయి. పేరు చివరి ముక్కే రాసింది కాబట్టి మనిషి చివరి ముక్కే వచ్చింది, మోకాళ్ళ కింది నుంచి. ఎడమ మడమ మీద ఎప్పుడో గేదె తొక్కిన మచ్చ. ఆయనవే. బయట ఆయన మోకాళ్ళ దాకే ఉండి, లిల్లీ వీపుకి ఎదురుగా చతికిలబడి చూస్తున్నాడు.

ఇంక మాడు అన్నం ఉంది, మొదటి కాఫీ ఉంది. ఆ రెండూ విప్పితే నడుం దాకా రావచ్చు. తక్కినవీ విప్పితే మొహం కూడా వస్తుంది, అప్పటికి సత్యవేణి దగ్గర నలభై మూడేళ్ళ వయసు తప్ప ఏమీ ఉండదు. ఆమె కాఫీ వాక్యం మీద చెయ్యి వేస్తుంది. కాసేపు అలాగే ఉంచుతుంది.

చెయ్యి తీసేస్తుంది.

గడప దగ్గర చెప్పులు విడిపించి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ కాళ్ళ మీద పోస్తుంది. వేళ్ళ సందులు కూడా కడిగి, కొంగుతో తుడుస్తుంది. కాళ్ళు బుద్ధిగా వెనకే నడిచొచ్చి పీట పక్కన ఆగుతాయి. పొయ్యి వెలిగించి కాఫీ దించుతుంది. మొదటి గ్లాసు తనకి పోసుకుంటుంది. కాళ్ళ వంక చూస్తూ, నాలిక కాలేంత వేడిగా, ఆఖరి చుక్కదాకా తాగుతుంది.

అప్పుడు రెండో గ్లాసు నింపి బొటనవేలు ముందు పెడుతుంది. గ్లాసులో కాఫీ మెల్లగా తగ్గుతుంది.

బయట ఆయన కళ్ళు మూసుకుని గుటక వేస్తాడు. ఆ చప్పుడు లిల్లీకి వినిపిస్తుంది.

"మీరు ఏమి త్రాగుచున్నారు? ఎవరు ఇచ్చినారు?"

భీమేశ్వరరావు మూతి తుడుచుకుంటాడు.

"పాఠంలో లేదు," అంటాడు.

తొమ్మిది స్తంభాల్లో ఒకటి పోతుంది. లిల్లీ పసుపు గొడుగు తెరిచి గోడ వైపే నిలబడి ఉంటుంది. ఆమె వీపులోంచి, సరిగ్గా భుజాల నడుమ, కాఫీ ఆవిరి సన్నగా పైకి లేస్తోంది. పొడుగు తోక కుక్క ఆ ఆవిరి వంక చూసి, ఎవరూ రాయని మొరుగు మొదటిసారి మొరుగుతుంది.